ఏజింగ్ మాస్టర్

ఏజింగ్ అంటే మీరంతా ముసలితనం అనుకుంటారు. మా మిల్లులో కాదు. సూరత్ పాండేసరలో బట్టల ప్రింటింగ్ మిల్లుల్లో పనిచేసే ఎవరినైనా అడగండి, ఏజింగ్ అంటే అచ్చు వేసిన బట్టను ఆవిరి గదిలోంచి నడిపించి, రంగును దారానికి పట్టించడం అని చెబుతారు. ఆ మిషన్ పేరు ఏజర్. అందులోంచి రాని చీర చూడ్డానికి ఎంత ముచ్చటగా ఉన్నా, మొదటి ఉతుకులోనే దాని అందమంతా బకెట్లోకి దిగిపోతుంది. ఈ ముక్క ముందే చెప్పకపోతే మా బాపు చేసిన పని మీకు పిచ్చిపనిలా కనిపిస్తుంది. ఇంటి మనిషిని గనక నేనంటే అనొచ్చు, మీరు అనకూడదు.

మా బాపు పేరు సోమలింగం. సిరిసిల్ల నుంచి మగ్గాల పనికని సూరత్ వచ్చాడు. ఆ చప్పుడు పడక మిల్లుకు మారాడు. అక్కడా ఇక్కడా తిరిగి చివరికి ఏజర్ దగ్గర తేలాడు. అప్పట్నుంచి దాన్ని వదల్లేదు. మిల్లులో అందరూ ఏజింగ్ మాస్టర్ అనే పిలుస్తారు. వేల మీటర్ల బట్టకు రంగు నిలబెట్టే ఈ మహానుభావుడికి సొంత మీసానికి రంగు నిలబెట్టడం మాత్రం చేతకాదు. ఆదివారం నల్లగా నిగనిగలాడిన మీసం బుధవారానికల్లా ఇటుక రంగుకు తిరుగుతుంది.

"మీసానికి ఏజింగ్ తక్కువైనట్టున్నది. జర ఆ మిషన్ల మూతి వెట్టి రారాదయ్యా" అంటుంది మా అమ్మ వజ్రమ్మ.

బాపు మునుపు మీసానికి రంగు వేసేవాడు కాదు. వేయడం మొదలుపెట్టింది ఈమధ్యే, మా చిన్న సేఠ్ పుణ్యమా అని.

మిల్లు పెద్ద సేఠ్‌ది. తాళాలు కూడా ఆయన దగ్గరే ఉండేవి. కిందటేడు కొడుకు మౌలిక్‌భాయ్‌కి అప్పగించారు. మౌలిక్‌భాయ్‌కి నలభై దాటాయి. నుదురు ఏటేటా పైకి జరుగుతోంది, దానితోపాటు ఆయన ఆలోచనలూ పైపైకి పోతున్నాయి. ఒకరోజు పెద్ద సేఠ్ గుడికి వెళ్ళిన పూట చూసి అందరినీ పిలిచి, సమోసాలు పంచి, మిల్లుకు ఇక కుర్రకారు కావాలనీ, యాభై ఐదు దాటినవాళ్ళు దీపావళి తర్వాత రానక్కర్లేదనీ చెప్పాడు. సమోసా నోట్లో ఉన్నవాళ్ళు ఏమీ అనలేకపోయారు.

బాపుకు ఆధార్ కార్డులో పుట్టినరోజు జనవరి ఒకటి. మా గల్లీలో సగం మంది మగాళ్ళు జనవరి ఒకటినే పుట్టారు. ఒక్క కేకు కోస్తే గల్లీ మొత్తానికి సరిపోతుంది. ఆ కార్డు ప్రకారం ఆయనకు యాభై ఆరు. అమ్మ లెక్కలో ఇంకో రెండు మూడు ఎక్కువే గానీ, ఆ లెక్క ఇంటి గడప దాటనివ్వం.

ఆ రోజు నుంచి బాపు సరిగ్గా తినడం మానేశాడు. జొన్నరొట్టె తుంచి, చేతిలోనే పట్టుకుని కూర్చునేవాడు.

"ఇంట్ల ఉంటే ఏంది? కూర మీది ఆవిరి చూసుకుంట కూసో. నాకు గూడ ఒక మాస్టర్ దొరికినట్టైతది" అంది అమ్మ, నవ్వించాలని.

బాపు నవ్వలేదు. నా వైపు తిరిగి, "పొద్దుగాల లేచి యాడికి పోవాలె బిడ్డా?" అన్నాడు.

బియస్సీ చదివాను. అదే మిల్లు లాబ్‌లో, చీరలు కొనే పార్టీ పంపిన రంగుకు సరిపోయే రంగు కలిపిపెట్టడం నా పని. అలాంటి నేను ఆయన చేతిలో చల్లారిన రొట్టె తీసి, వేడిది మాత్రం పెట్టగలిగాను. చిన్న సేఠ్ మీద నాకు కోపం పట్టుకున్నది ఆ రాత్రే.

అలాంటి రోజుల్లో ఒక మధ్యాహ్నం లాబ్ ఫ్రిజ్‌లో సీసాల వెనక ఒక స్టీలు టిఫిన్ డబ్బా దొరికింది. ఎవరో అన్నం మర్చిపోయారనుకుని మూత తీశాను. అన్నం లేదు. బొటనవేలంత గాజు సీసాలు, అడుగున చిటికెడు తెల్ల పొడి. పక్కన షుగరువాళ్ళు వాడే సన్న సూదులు. సీసా మీద ఇంగ్లీషులో రాసి ఉంది, పరిశోధన కోసం మాత్రమే, మనుషులకు వాడరాదు అని. మా లాబ్‌లో పరిశోధన అంటే గులాబీ రంగులో ఎంత ఎరుపు పడాలో చూడ్డమే. ఇదేం పరిశోధనరా దేవుడా అనుకుంటుండగానే మౌలిక్‌భాయ్ పరుగెత్తుకొచ్చాడు.

"సింధూబెన్, బంద్ కరో, ఠండా రహనా చాహియే!"

మూసెయ్యమని, అవి చల్లగా ఉండాలని కేక. అవి ఆయనవే. పెప్టైడ్స్. దొరికిపోయిన మనిషి మామూలుగా సిగ్గుపడతాడు. ఈయన కుర్చీ లాక్కుని కూర్చుని, కొత్తగా మాల వేసుకున్న భక్తుడిలా చెప్పడం మొదలుపెట్టాడు. ప్రోటీన్ అంటే పొడవాటి గొలుసట, పెప్టైడ్ అంటే అలాంటిదే పొట్టి ముక్క. ఒంట్లో అవి వార్తాహరులు. చర్మానికి బాగుపడమనీ, కండకు పెరగమనీ కబురు మోస్తాయి. వయసు పెరిగేకొద్దీ ఆ కబుర్లు తగ్గిపోతాయి. అందుకని అలాంటి గొలుసుల్ని లాబ్‌లో ఒక్కో పూస గుచ్చి తయారుచేసి, పొట్ట చర్మంలోకి సూదితో ఎక్కించుకుంటే ఏజింగ్ నెమ్మదిస్తుందట.

"మనుషుల మీద పరీక్ష చేశారా సేఠ్?"

"ఎలుకల మీద చాలా బాగా పనిచేసింది."

"ఆ ఎలుకలు ఇప్పుడెలా ఉన్నాయి?"

ఆయనకు కోపం వచ్చింది. నేనూ కొంత చదివాను గనక చెప్పాను. ఇన్సులిన్ కూడా పెప్టైడే, డాక్టర్లు రాసిచ్చే అసలైన మందులు కొన్ని ఉన్నాయి, కానీ ముసలితనం ఆపుతామని అమ్మే వీటిలో చాలావాటికి మనుషుల్లో సరైన రుజువు లేదు, మేలు సంగతే కాదు కీడు సంగతీ తెలియదు అని. "రుజువు వచ్చేదాకా ఆగితే నేను ముసలివాణ్ణైపోతాను కదా" అన్నాడు. ఉతుకు పరీక్ష చేయకుండా ఒక్క మీటరు బట్ట గేటు దాటనివ్వని మనిషి ఈయన. చీరకున్న విలువ పొట్టకు లేకపోయింది.

ఎవరికీ చెప్పవద్దని నాచేత మాట తీసుకున్నాడు. ఇంట్లో భార్యకు తెలియదు. "పప్పాకు తెలిస్తే, వీడికింకా బుద్ధి రాలేదని తాళాలు వెనక్కి తీసుకుంటారు" అన్నాడు. అది మాత్రం నిజమే.

ఈ సూదుల సంగతి చూసుకోవడానికి ఆయనకు ఫోన్లో ఒక కోచ్ ఉన్నాడు. ఆ కోచ్‌తో మాట్లాడాలంటే మౌలిక్‌భాయ్ ఏజర్ పక్కకు వెళ్ళేవాడు. ఆవిరి హోరు, ఫ్యాన్ల రొద, అక్కడ మాట్లాడితే పక్కవాడికి వినబడదని ఆయన తెలివి. కానీ ఆ హోరులో అవతల కోచ్‌కూ వినబడదు గదా. అందుకని అరిచేవాడు. దాచుకోవడానికి అక్కడికి పోయి, అక్కడ గొంతు చించుకోవడం అన్నమాట.

ఆ రోజు ఏజర్‌లో తెల్ల నేల మీద గులాబీ పూల చీరల బట్ట నడుస్తోంది. బాపు, ఆయన జోడీ ఓంప్రకాష్ మిషన్ దగ్గర ఉన్నారు. మౌలిక్‌భాయ్ వచ్చి సరిగ్గా బాపు ఎదురుగా నిలబడి, ఆయన ముఖంలోకే చూస్తూ అరిచాడు.

"ఏజింగ్ స్లో కర్నీ హై! హా, ఆధా! ఆజ్ సే హీ ఆధా!"

ఏజింగ్ నెమ్మది చెయ్యాలి, ఇవాళ్టి నుంచే సగం అని. సేఠ్ చెవిలో ఉన్న తెల్ల ఫోను గుండీ అవతలి వైపు ఉంది. బాపుకు కనబడలేదు. ధ్యాస కోచ్ మీద ఉన్నా, బొటనవేలు మాత్రం అలవాటుగా బాపు వైపు ఎత్తి, సేఠ్ వెళ్ళిపోయాడు.

సగం మోతాదుతో మొదలుపెట్టమని కోచ్ చెప్పిన సంగతి బాపుకేం తెలుసు? ఆయనకు తెలిసిన ఏజింగ్ ఒక్కటే. సమోసాల రోజు నుంచి తనవైపు కన్నెత్తి చూడని సేఠ్, తనంతట తానే వచ్చి, వేలెత్తి మరీ పని చెప్పాడు. బాపు మిషన్ వేగం సగానికి తగ్గించాడు.

"మాస్టర్, బట్ట ఆగమైతది. అంతసేపు ఆవిరి పడితే ఎట్ల?" అన్నాడట ఓంప్రకాష్.

"నాకెర్క లేదా? సేఠ్ నోటితోని చెప్పిండు. నువ్వు బట్ట చూడు" అన్నాడట బాపు.

బట్ట ఆగమైంది. రంగు పూవుల్లో ఆగక చుట్టూ తెల్ల నేల మీదికి పాకింది. గులాబీలన్నీ జలుబు చేసిన ముక్కుల్లా తయారయ్యాయి. పట్టుకుంటే చీర అప్పడంలా చప్పుడు చేసింది.

సాయంత్రం చిన్న సేఠ్ గదిలో పంచాయితీ. పెద్ద సేఠ్ మూల కుర్చీలో కూర్చున్నారు. చెడిన ముక్కలు పట్టుకుని నేను నిలబడ్డాను. మౌలిక్‌భాయ్ ముక్కల్ని ఒక్క క్షణం చూసి బాపు మీద విరుచుకుపడ్డాడు. అందరూ హిందీలోనే మాట్లాడారు, బాపుది మాత్రం సగం సిరిసిల్ల హిందీ.

"వయసైపోయింది కాకా మీకు. నేను అన్నది ఇందుకే!"

బాపు చేతులు కట్టుకుని, "సేఠ్, ఆప్‌నే హీ బోలా" అన్నాడు.

"నేనా? ఎప్పుడు?"

"పగటీలి, మిషన్ కాడ. ఏజింగ్ స్లో కర్నీ హై, ఆజ్ సే హీ ఆధా, అని."

మౌలిక్‌భాయ్ ముఖంలో రంగు దిగిపోవడం నేను చూశాను. చెయ్యి దానంతటదే చెవి మీదికి పోయింది. నాకూ అప్పుడే వెలిగింది. నవ్వు గొంతుదాకా వచ్చింది గానీ, ఎదురుగా తల దించుకుని నిలబడ్డది మా బాపు. అక్కడే మింగేశాను.

"నువ్వు చెప్పావా?" అని అడిగారు పెద్ద సేఠ్.

మౌలిక్‌భాయ్ ఔననలేదు, కాదనలేదు. "రేపు చూద్దాం పప్పా. కాకా, మీరు ఇంటికి వెళ్ళండి" అన్నాడు. ఏజర్ మీదికి వేరే మనిషిని పంపాడు. దీపావళి దాకా ఆగుతుందనుకున్నది ఆ సాయంత్రమే వచ్చి కూర్చుంది.

మాట ఇచ్చాను నిజమే. మా బాపు కొలువు కన్నా సేఠ్ పొట్ట ఎక్కువ కాదు. ఇంటికి రాగానే అంతా చెప్పేశాను. అమ్మ కొంగు నోట్లో కుక్కుకుని గోడకు జారబడి నవ్వింది.

"ఆయన తన ఒంటిని స్లో చేసుకుంటనంటే నువ్వు చీరెలను స్లో చేసినవా! ఇగ ఆ చీరెలు కట్టినోళ్ళు ముసలోళ్ళు గారు పో!"

బాపు నవ్వకుండా అడిగాడు. "దాంతోని నిజంగనే ముసల్తనం ఆగుతదా?"

"తెల్వదు బాపు. ఇంకా ఎవ్వరికి తెల్వదు."

"మరి మన సేఠ్ ఏసుకుంటున్నడు గద?"

"ఏసుకుంటే ఏసుకోనీ! పొద్దుగాల్నే ఆ డబ్బా తీస్కపోయి పెద్ద సేఠ్ ముందట వెడ్త. నీ తప్పు లేదని అప్పుడు తెలుస్తది."

"గట్లనే చెయ్యి" అంది అమ్మ.

"వద్దు" అన్నాడు బాపు. "ఒకని సూది ముచ్చట బయట వెట్టి నేను బతకాల్నా? నేనే పోయి మాట్లాడ్త."

మా బాపు మాట్లాడడం నాకు తెలుసు. నమస్తే సేఠ్ అని, చెప్పాల్సింది మర్చిపోయి, టీ తాగి వస్తాడు. అందుకే మర్నాడు పొద్దున ఆయన చిన్న సేఠ్ గదిలోకి వెళ్ళగానే, రంగు ముక్కలు చూపించే వంకతో వెనకే దూరాను.

బాపును చూడగానే మౌలిక్‌భాయ్ లేచి తలుపు వేశాడు. నా ముఖం చూసి, రహస్యం పొక్కిందని గ్రహించాడు. బెదిరించడానికే వచ్చామనుకున్నాడు పాపం.

"ఏం కావాలి కాకా? చెప్పండి."

బాపు చొక్కా చెయ్యి మోచేతి పైదాకా మడిచాడు. ఆవిరికి కమిలి కమిలి నల్లబడ్డ చెయ్యి. దాన్ని సేఠ్ బల్ల మీద చాచి పెట్టాడు.

"నాకు గూడ ఒక సూది పొడువు సేఠ్" అన్నాడు తన హిందీలో. "మరీ పడుసోన్ని చెయ్యకు, వజ్రమ్మ గుర్తువట్టదు. యాభై అయిదు లోపటికి తెస్తే సాలు."

మౌలిక్‌భాయ్ ఎగతాళేమోనని చూశాడు. మా బాపుకు ఎగతాళి రాదు, ఇంట్లో ఆ శాఖంతా అమ్మది. చాచిన చెయ్యి చాచినట్టే ఉంది. నాకు కళ్ళు చెమర్చాయి. ఈ మనిషికి ఎలా చెప్పాలో నాకే తెలియలేదు, ఇక సేఠ్‌కు ఏం తెలుస్తుంది?

"కాకా, అది..." మౌలిక్‌భాయ్ నీళ్ళు నమిలాడు. "అది పనిచేస్తుందో లేదో తెలియదు. మీకు పొడిస్తే ఏమన్నా అయితే?"

"నీకు ఏమన్నా ఐతే?"

సేఠ్ చొక్కా మీంచి పొట్ట తడుముకున్నాడు.

"పనిచేస్తదో లేదో ఎర్క లేనిది నువ్వెందుకు పొడుసుకుంటున్నవ్ మరి?"

మౌలిక్‌భాయ్ నావైపు చూశాడు, తలుపు వైపు చూశాడు, చివరికి బల్ల మీది చెయ్యినే చూస్తూ అన్నాడు. "డర్ లగ్తా హై, కాకా. అద్దం చూస్తే భయం. పప్పా సంతకం పెడుతుంటే చెయ్యి వణుకుతుంది, అది చూస్తే ఇంకా భయం."

"నాకు గూడ గదే సేఠ్" అన్నాడు బాపు. "భయమే."

నిన్నటిదాకా ఈ సేఠ్‌ను తిట్టడానికి నా దగ్గర చాలా మాటలు పోగుపడి ఉన్నాయి. అవన్నీ ఎటు పోయాయో. ఇద్దరు మగాళ్ళు ఒక బల్లకు అటూ ఇటూ, సూది మందు కోసం ఒకరు, సూది మందుతో ఒకరు, ఒకే భయం పెట్టుకుని ఉంటే ఏమని తిట్టను?

తలుపు తోసుకుని పెద్ద సేఠ్ వచ్చారు. చీరల పార్టీ మార్కెట్ నుంచి ఫోన్ చేశాడట.

"ఇంకా తేలలేదా? మౌలిక్, స్లో చెయ్యమని నువ్వు చెప్పావా, లేదా?"

బాపు నోరు తెరవబోయాడు. తప్పంతా తన నెత్తిన వేసుకుంటాడని నాకు అర్థమైంది, కాలు తొక్కాను. అవసరం లేకపోయింది.

"నేనే అన్నాను పప్పా" అన్నాడు మౌలిక్‌భాయ్. "కాకా తప్పు లేదు. అయితే నేనన్నది బట్ట గురించి కాదు. నా గురించి." సూదులూ, సీసాలూ, ఎలుకలూ అన్నీ చెప్పాడు. చెబుతున్నకొద్దీ గొంతు పదో తరగతి తప్పిన పిల్లవాడిలా సన్నబడింది.

పెద్ద సేఠ్ అంతా విన్నారు. తాళాల మాట ఎత్తలేదు. "ముసలితనమంటే నీకు అంత భయమా?" అని మాత్రం అన్నారు. తర్వాత చాచి ఉన్న బాపు చెయ్యి చూసి, "మరి సోమలింగానికి సూది ఎందుకు?" అన్నారు.

ఇక నేనాగలేకపోయాను. "యాభై ఐదు దాటినవాళ్ళు దీపావళి తర్వాత మిల్లుకు రావద్దన్నారు బడే సేఠ్. అందుకు."

ఆ సంగతి ఆయనకు తెలియదు. ఆయన గుడికి పోయిన రోజున కదా సమోసాలు పంచింది. పెద్ద సేఠ్ గోడకు చెయ్యి ఆనించి నిలబడ్డారు. ఎనభైకి దగ్గరపడ్డ మనిషి. రోజూ పొద్దున్నే అందరికన్నా ముందు గేటు దగ్గరికి వచ్చే మనిషి. కొడుకును తిడతారనుకున్నాను. తిట్టలేదు.

"యాభై ఐదా?" అన్నారు. "అయితే నన్నెప్పుడు రావద్దంటావు బేటా?"

వెటకారానికి అడగలేదు. నిజంగానే అడిగారు. జవాబు ఎలా ఉంటుందోనని ఆయన కళ్ళు కొడుకు నోటి మీదే ఉన్నాయి.

మౌలిక్‌భాయ్ ముఖం చూడలేకపోయాను. మా బాపు చొక్కా చెయ్యి దించుకుని, తన వెనకున్న కుర్చీ తెచ్చి పెద్ద సేఠ్ పక్కన వేశాడు. ఆయన కూర్చోలేదు. జవాబు రాకుండా కూర్చునేలా లేరు.

"కాకా" అన్నాడు మౌలిక్‌భాయ్, కళ్ళు తుడుచుకుంటూ. "వెళ్ళి మిషన్ గరమ్ చెయ్యండి."

బాపు తలుపు దాకా వెళ్ళి ఆగాడు. "ఇయ్యాల్టికేనా సేఠ్?"

"దీపావళి తర్వాత కూడా. ఆ మాట నేను వాపస్ తీసుకుంటున్నా. అందరికీ."

తర్వాత బల్ల చుట్టూ తిరిగి వచ్చి, తండ్రి వణికే చేతిని రెండు చేతులతో పట్టుకున్నాడు.

"ఆప్ భీ, పప్పా. మీరు కూడా రోజూ రండి."

అప్పుడు కూర్చున్నారు పెద్ద సేఠ్.